రాజధాని ఇళ్లకు తెలుగు తెర

1959 సెప్టెంబరు 15న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ న్యూఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలను ప్రారంభించినప్పుడు ఆ బొమ్మ చేరవలసిన గమ్యం ఇల్లు కాదు. యునెస్కో సహాయంతో సమకూరిన టెలివిజన్ పెట్టెలను వాడలలోని సామాజిక కేంద్రాలలో నెలకొల్పి, వాటి చుట్టూ ‘టెలి క్లబ్బులు’ ఏర్పాటు చేశారు. వారానికి రెండు పర్యాయాలు, పర్యాయానికి ఒక గంట. పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి ప్రాంగణం నుంచి వెలువడే ఆ స్వల్పశక్తి ప్రసారం నగరాన్నీ దాని పొలిమేరలనూ దాటి పోయేది కాదు. రోడ్డు మర్యాద, ఆహార కల్తీ, ప్రజారోగ్యం వంటి పౌరజీవన విషయాలను చూపి, చూసిన పిదప సభ్యులు వాటిపై చర్చించుకొనేటట్లు చేయడం ఆ ప్రయోగం ఉద్దేశం. టెలివిజన్ ఒంటరిగా కూర్చొని చూడదగిన వస్తువని ఆనాడు ఎవరూ తలచలేదు.

అదే రాజధానిలో, దానిని ఆనుకొని పెరిగిన నోయిడా, గురుగ్రామ్‌లలో నేడు ఒకే ఇంటిలో తండ్రి ముందు గదిలో తెలుగు వార్తలు, కుమార్తె లోపలి గదిలో కొరియా ధారావాహిక, వంటింటి గట్టు మీద నిలబెట్టిన ఫోనులో తల్లి ఒక పురాణ ప్రవచనం చూడటం వింత కాదు. ఈ మూడూ ఇంటిలోకి వచ్చేది ఒకే తీగ మీద. టెలి క్లబ్బు నుంచి ఈ మూడు తెరల దాకా జరిగిన ప్రయాణాన్ని సాంకేతిక ప్రగతిగా మాత్రమే చెప్పుకోవడం పరిపాటి. ఢిల్లీలో స్థిరపడిన తెలుగు కుటుంబం దృష్టితో చూస్తే ఇందులో మరొక ప్రశ్న కూడా ఉన్నది. ఇంటిలోకి ఏ భాష రావాలో నిర్ణయించేది ఎవరు? ప్రతి దశలోనూ ఈ నిర్ణయాధికారం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారింది.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గుర్తుచేసుకోవాలి. టెలివిజన్ పుట్టిన ఆ ఆకాశవాణి ప్రాంగణం నుంచే దశాబ్దాల పాటు తెలుగు వార్తలు ప్రసారమయ్యాయి. పన్యాల రంగనాథరావు, జోలిపాళెం మంగమ్మ వంటి వారి కంఠాలు ఢిల్లీ నుంచి బయలుదేరి తెలుగునాట పల్లెపల్లెకూ చేరేవి. రాజధాని నుంచి తెలుగు వినిపించేది గాని రాజధానిలో తెలుగు కనిపించేది కాదు. 1965లో దినసరి ప్రసారాలు మొదలైనా, 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపట్ల 80 గ్రామాల కోసం ‘కృషి దర్శన్’ ప్రారంభమైనా అవన్నీ స్థానిక శ్రోతలకు, స్థానిక భాషలో ఉద్దేశించినవి. అది సహజమే. ఒక ప్రసార గోపురానికి ఉండేది ఒకటే గొంతు. ఆ గొంతు అందినంత మేర నివసించే వారిలో అధికసంఖ్యాకుల భాషే అది మాట్లాడుతుంది.

ఆ కారణం చేతనే తెలుగు టెలివిజన్ ఢిల్లీలోని సచివాలయ ఉద్యోగి కంటే ముందుగా తెలుగునాట పల్లె రైతుకు పరిచయమయింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికాకు చెందిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 గ్రామాలు పాల్గొన్నాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. పంచాయతీ కార్యాలయం ముందో, బడి ఆవరణలోనో ఇనుప వలతో అల్లిన మూడు మీటర్ల గిన్నె ఆకారపు ఏంటెన్నా, దాని పక్కన ఒక పెట్టె. దాని ముందు చాపల మీద కూర్చున్న గ్రామీణులు తమ భాషలో వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు చూశారు. ఆ కార్యక్రమాల తయారీకి హైదరాబాదులో ఒక నిర్మాణ కేంద్రం ఏర్పడింది. 1977లో అక్కడ దూరదర్శన్ కేంద్రం వెలిసింది. కరోల్‌బాగ్‌లోనో రామకృష్ణాపురంలోనో నివసించే తెలుగువారికి మాత్రం ఈ వార్తలు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు తెలిసేవి.

1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం, దానితో పాటు రంగుల ప్రసారం వచ్చాయి. ఆ సంవత్సరం నవంబరులో జరిగిన ఆసియా క్రీడలు ఢిల్లీ మధ్యతరగతి ఇళ్లలోకి టెలివిజన్ పెట్టెను నిజంగా తీసుకువచ్చాయి. తపాలా కార్యాలయంలో రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసిన నిబంధన 1985లో తొలగిపోయింది. ప్రతి డాబా మీదా అల్యూమినియం కడ్డీల ఏంటెన్నా లేచింది. గాలికి అది పక్కకు తిరిగితే ఒకరు పైకెక్కి దాన్ని తిప్పడం, మరొకరు కిటికీలోంచి “వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది” అని కేకవేయడం ఆ తరానికి టెలివిజన్ శాస్త్రంలో ప్రథమ పాఠం. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం ఉదయం నగర వీధులు బోసిపోవడం అందరెరిగినదే. 1988లో పీతంపురాలో 235 మీటర్ల గోపురం సిద్ధమయింది. ఇంత విస్తరణలో తెలుగు వాటా ఎంత? ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలకు కేటాయించిన వేళలో, భాషల వరుసలో తెలుగు వంతు వచ్చినప్పుడు ఒక పురస్కార చిత్రం. వివిధ భాషల పాటలను గుదిగుచ్చిన ‘చిత్రమాల’లో ఒక పాట. ఆ ఒక్క పాట కోసం కుటుంబమంతా పని ఆపి కూర్చొనేది. మిగతా కొరతను వీడియో క్యాసెట్ తీర్చింది. ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లో ఆవకాయ జాడీ పక్కన క్యాసెట్లూ ప్రయాణం చేశాయి.

1990ల తొలి సంవత్సరాలలో కేబుల్ వచ్చి ఏంటెన్నాను పనిలేనిదిగా చేసింది. 1995లో జెమిని, ఈటీవీ ప్రారంభమై తెలుగు ఉపగ్రహ టెలివిజన్‌కు పునాది వేశాయి. ఉపగ్రహానికి భాషా సరిహద్దులు లేవు. దాని కిరణం ఢిల్లీ మీద కూడా పడుతుంది. కాని ఆ కిరణాన్ని పట్టే పెద్ద డిష్ కేబుల్ నిర్వాహకుని మేడ మీద ఉండేది. అతని తీగలో పట్టే ఛానెళ్ల సంఖ్య పరిమితం. వీధిలో నూరు ఇళ్లు ఉండి అందులో తెలుగు ఇళ్లు మూడే అయితే ఆ మూడింటి కోసం ఒక చోటు ఖర్చుచేయడం అతనికి గిట్టుబాటు కాదు. నిర్ణయాధికారం ప్రభుత్వ గోపురం నుంచి వీధి వ్యాపారికి మారిందే తప్ప చూసేవారికి దక్కలేదు.

అదే 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు ఈ చరిత్రలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1993 నాటి హీరో కప్ క్రికెట్ ప్రసారాల విషయమై బెంగాల్ క్రికెట్ సంఘానికి, సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు మధ్య తలెత్తిన వివాదంలో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం ప్రకటించింది. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ కేసులో విడిగా తీర్పు రాశారు. తరంగాలు ప్రభుత్వ గుత్తసొత్తు కారాదు, ధనవంతుల గుత్తసొత్తూ కారాదు, వాటిని ప్రజాహితం కోసం ఒక స్వతంత్ర సంస్థ నియంత్రించాలి అన్నది ఆ తీర్పుల సారాంశం. 1997లో ప్రసార భారతి ఏర్పడటానికి ఉన్న నేపథ్యంలో ఇదీ ఒక భాగం. తరంగం ప్రజలదని తేలింది. తీగ ఎవరిదన్న ప్రశ్న అప్పటికింకా పుట్టలేదు.

అది పుట్టడానికి కావలసిన వస్తువు మాత్రం ఆరు నెలలలోనే వచ్చింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఢిల్లీతో సహా కొన్ని నగరాలలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి, కీచుమని అరిచే ఆ శబ్దం ముగిసేదాకా వేచి ఉంటే సెకనుకు 9.6 కిలోబిట్ల వేగం లభించేది. ఉత్తరాలు పంపడానికి అది చాలు. బొమ్మకు చాలునా అంటే చిన్న లెక్క వేసి చూడవచ్చు. నేటి పెద్ద తెర మీద స్పష్టంగా కనిపించే చిత్రానికి సెకనుకు సుమారు 5 మెగాబిట్లు కావాలి. అలాంటి గంట నిడివి కార్యక్రమాన్ని 1995 నాటి తీగ మీద తెప్పించుకోవడానికి ఇరవై ఒక్క రోజులు దాటేది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్వచించింది. ఆ వేగంతో అదే కార్యక్రమానికి పందొమ్మిదిన్నర గంటలు. 2023లో ఆ నిర్వచనం 2 మెగాబిట్లకు పెరిగింది. అయినా గంట బొమ్మకు రెండున్నర గంటలు పడుతుంది. కాగితం మీద బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొన్నదంతా ఇంటిలో టెలివిజన్ కాజాలదని అధికారులు గమనించవలసి ఉన్నది.

వేగం ఒక్కటే అడ్డంకి కాదు. దేశంలో ఒక సంస్థ చందాదారు మరొక సంస్థ చందాదారుకు పంపిన సమాచారం కూడా చాలాసార్లు సముద్రాలు దాటి విదేశానికి వెళ్లి తిరిగి వచ్చే పరిస్థితి తొలి సంవత్సరాలలో ఉండేది. పక్కింటికి పంపిన పళ్లెం పొరుగూరి మీదుగా తిరిగివచ్చినట్లన్నమాట. దీనిని నివారించడానికి 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఏర్పడి తన మొదటి కూడలిని నోయిడాలో నెలకొల్పింది. గోపురాల వలె కంటికి కనిపించనందున ఇటువంటి కట్టడాలు చరిత్ర గ్రంథాలలోకి ఎక్కవు. గృహ ప్రసారాల కథలో పీతంపురా గోపురానికి ఉన్నంత స్థానం ఆ కూడలికీ ఉన్నది.

మధ్యలో ఇంటింటికీ నేరుగా చేరే చిన్న డిష్ వచ్చింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ, దానికి కాస్త ముందూ వెనుకా ప్రైవేటు సేవలు మొదలయ్యాయి. ఢిల్లీ తెలుగు కుటుంబం మొదటిసారిగా వీధి నిర్వాహకుని దయతో పనిలేకుండా తన భాషను ఎంచుకోగలిగింది. ఇది సామాన్యమైన మార్పు కాదు. ఒక్క చిక్కు మాత్రం ఉండేది. డిష్‌కు దక్షిణ దిక్కున ఆకాశం తెరిపిగా కనిపించాలి. పై అంతస్తుల అద్దె ఇంట్లో, ఉత్తరం వైపు వసారా మాత్రమే ఉన్న వారికి ఆకాశంలో తెలుగు ఉన్నా ఇంట్లోకి దారి లేదు.

తీగ మీద బొమ్మ పంపే తొలి ప్రయత్నాలు కూడా రాజధానిలోనే జరిగాయి. 2000ల దశకం మధ్యలో ఎం.టి.ఎన్.ఎల్. తన టెలిఫోన్ తీగ మీద ఐపీటీవీ సేవకు పూనుకొన్నది. 2009లో భారతీ ఎయిర్‌టెల్ ఢిల్లీ, దాని పరిసర నగరాలలో అటువంటి సేవనే ప్రవేశపెట్టింది. ఇవి విస్తరించలేదు. ఐపీటీవీలో సంస్థే తన తీగ మీద తాను ఎంచిన ఛానెళ్లను పంపేది. అంటే అది కేబుల్‌కు మరొక రూపమే. అసలైన మార్పు బహిరంగ ఇంటర్నెట్ మీద వచ్చింది. 2006లో అమెరికాలోని అట్లాంటాలో ఉదయ్ రెడ్డి స్థాపించిన యప్ టీవీ, ప్రవాస తెలుగువారికి స్వదేశీ ఛానెళ్లను అందించే పనితో ఆరంభమయింది. ఢిల్లీ తెలుగువారి కొరతనే అట్లాంటా తెలుగువారు ఇంకా తీవ్రంగా అనుభవించారు. పరిష్కారం అక్కడినుంచి రావడంలో ఆశ్చర్యం లేదు. 2010లో ఐపీఎల్ క్రికెట్ పోటీలు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ప్రసారమయ్యాయి. 2015లో హాట్‌స్టార్, 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో ఇక్కడ అడుగుపెట్టాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై సమాచారపు ధర ఒక్కసారిగా పడిపోయింది.

ఈ ప్రవాహ ప్రసారం పనిచేసే తీరు గోపురానికి పూర్తిగా విరుద్ధం. గోపురం ఒకసారి పలికితే పదిమంది విన్నా పదిలక్షల మంది విన్నా దానికి అదనపు శ్రమ లేదు. స్ట్రీమింగ్‌లో ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క ప్రతి విడిగా బయలుదేరుతుంది. కార్యక్రమాన్ని కొద్ది సెకన్ల నిడివిగల తునకలుగా కోసి, ఒక్కొక్క తునకను హెచ్చు తగ్గు నాణ్యతలలో సిద్ధం చేసి ఉంచుతారు. ఇంటిలోని పరికరం తీగ వేగాన్ని క్షణక్షణం కొలుచుకొంటూ తగిన తునకను అడిగి తెచ్చుకొంటుంది. బొమ్మ ఒక్కొక్కప్పుడు మసకబారి మళ్లీ తేటపడటానికి కారణం అదే. ప్రత్యక్ష క్రికెట్‌లో పక్కింటి డిష్ దగ్గర చప్పట్లు వినిపించిన తరువాతగాని ఇక్కడ బంతి పడకపోవడానికీ అదే కారణం. ఎక్కువమంది అడిగే కార్యక్రమాల ప్రతులను ఆయా నగరాలలోనే, వీలైతే ఇంటర్నెట్ సంస్థల ఆవరణలలోనే ముందుగా భద్రపరుస్తారు. ఈ విధానంలో మూడు తెలుగు ఇళ్లు నూరు ఇళ్లతో పోటీపడనక్కరలేదు. అడిగినవారికి అడిగినది.

అడగడానికి ఇంటిలో కావలసిన సరంజామా పెద్దది కాదు. నికరమైన వేగం గల తీగ, దానిని గదులకు పంచే వైఫై రూటర్, ఇంటర్నెట్ తెలిసిన టెలివిజన్; పాత టెలివిజన్ అయితే దాని వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రంలో గుచ్చే వేలెడు పరికరం. రూటర్‌ను నడిమి గదిలో, ఎత్తున, బీరువాలకు దూరంగా పెట్టాలి. సిమెంటు గోడలు రెండు అడ్డుపడితే లోపలి గదికి బొమ్మ చేరదు. ఏంటెన్నా తిప్పిన తరం ఇప్పుడు రూటర్ జరుపుతున్నది. కేకలు కూడా దాదాపు అవే. గంటకు రెండు గిగాబైట్లకు పైగా ఖర్చవుతుంది కనుక ఫోను మీద దినసరి పరిమితితో పెద్ద తెర నడపడం సాగదు. అన్నిటికంటే చిక్కైనది చందాలు, సంకేత పదాలు. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క చందా, ఒక్కొక్క పాస్‌వర్డ్. ఒక మీట నొక్కి ‘చిత్రమాల’ చూసిన పెద్దలు నేడు మనుమడు బడి నుంచి వచ్చేదాకా తెర ముందు కూర్చొని ఎదురుచూడటం ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది. దీనిని సాంకేతిక అజ్ఞానంగా కొట్టిపారేయడం తొందరపాటు. వారి కోసం తెలుగులో రాసిన సూచనలు, తెలుగు మాటను గుర్తించే రిమోట్‌లు ఆలస్యంగా వచ్చాయి, కొరతగానే వచ్చాయి.

2020 మార్చి 25 ఉగాది. దేశమంతటా ఇళ్ల తలుపులు మూసుకొన్న లాక్‌డౌన్ తొలిదినం కూడా అదే. అప్పట్లో తెలుగుకే పరిమితమైన ‘ఆహా’ వేదిక ఆ ఉగాదికే లాంఛనంగా ఆరంభమయింది. మరి మూడు రోజులకు, మార్చి 28న, దూరదర్శన్ పాత ‘రామాయణ్’ను తిరిగి ప్రసారం చేయడం మొదలుపెట్టింది. అనుకోకుండా ఒకే వారంలో రెండు యుగాలు ఎదురుపడ్డాయి. ఒకటి దేశమంతా ఒకే వేళకు, ఒకే భాషలో, ఖర్చు లేకుండా కలిసి చూసేది. మరొకటి ఎవరి వేళకు వారు, తమ భాషలో, చందా కట్టి చూసేది. ఆ నెలల్లో రెండూ ఆదరణ పొందాయి. బయటికి పోయే దారి లేనప్పుడు ఢిల్లీ తెలుగు ఇళ్లలో పిల్లలు రోజుకు కొన్ని గంటలపాటు తెలుగు సంభాషణ వినడం ఒక అనుకోని లాభం. 1948లో దుర్గాబాయమ్మ చొరవతో ఏర్పడిన ఆంధ్ర విద్యా సంఘం పాఠశాలలు తెలుగు అక్షరం నేర్పుతూ వచ్చాయి. వీధిలో వినిపించని భాషను బడి ఒక్కటే నిలపడం ఎంత కష్టమో ఆ పాఠశాలల ఉపాధ్యాయులకు తెలుసు. తెర మీది తెలుగు అక్షరం నేర్పదు. కాని చెవిని నిలుపుతుంది.

తీగ ఎవరిదన్న ప్రశ్న అప్పటికి పుట్టనే పుట్టింది. తరంగాలు ప్రజలవని 1995లో తేలినా, ఈ ప్రవాహం నడిచేది సంస్థల తీగల మీద, సంస్థల యంత్రాలలో. 2020 నవంబరులో ఆన్‌లైన్ చిత్ర, వార్తా వేదికలు సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ పరిధిలోకి వచ్చాయి; 2021 ఫిబ్రవరిలో వాటికి నియమావళి వెలువడింది. ఆ నియమాలు ఏది చూపవచ్చునో, వయసును బట్టి దానినెలా వర్గీకరించాలో చెబుతాయి. చిన్న భాషకు, చందా కట్టలేని ఇంటికి ఏమి దక్కాలో అవి చెప్పవు. తెలుగునాట ఒక సమాధానానికి ప్రయత్నం జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యుత్ స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకు టెలివిజన్, టెలిఫోన్, ఇంటర్నెట్ మూడూ ఇచ్చే పథకాన్ని చేపట్టింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. నేలలో గోతులు తవ్వకుండా ఉన్న స్తంభాలనే వాడుకోవడంలో పొదుపు ఉన్నది, తుఫానుకు లొంగే బలహీనతా ఉన్నది. ఏమైనా, తీగను రోడ్డు వలె, మంచినీటి గొట్టం వలె ప్రజా సదుపాయంగా తలచిన ప్రయత్నంగా అది నిలుస్తుంది. రాజధానిలో అటువంటి పూనిక కానరాదు.

గోపురాల యుగం ఈలోగా ముగింపుకు వచ్చింది. దూరదర్శన్ తన పాత పద్ధతి భూతల ట్రాన్స్‌మిటర్లను, కొన్ని వ్యూహాత్మక ప్రదేశాలలో ఉన్నవి మినహా, 2022 మార్చి నాటికి నిలిపివేసే నిర్ణయం అమలు చేసింది. డాబాల మీద మిగిలిన అల్యూమినియం కడ్డీలు బట్టలు ఆరవేసుకోవడానికి పనికివస్తున్నాయి. 2024 నవంబరు 20న గోవా చలనచిత్రోత్సవంలో ప్రసార భారతి తన సొంత వేదిక ‘వేవ్స్’ను ప్రారంభించింది. తెలుగు సహా పన్నెండుకు పైగా భాషలలో కార్యక్రమాలు, దూరదర్శన్ ఛానెళ్లు, ఆకాశవాణి ప్రసారాలు అందులో ఉన్నాయి. విజయవాడ కేంద్రంలో మైకు ముందు పలికిన మాటను నోయిడా పదహారో అంతస్తులో, ఉత్తరపు వసారా ఇంటిలో, ఫోను గోడకు ఆనించి పెట్టుకొని వినవచ్చు. ఒకప్పుడు తెలుగు మాట ఢిల్లీలో పలికి విజయవాడలో వినిపించేది.